భద్రతా పరికరానికి భద్రతా పరికరం

తప్పు నాదే. సర్క్యులరు వచ్చిన రోజున దాన్ని ఫైల్లో పెట్టి, తాడు ముడేసి, బీరువాలో పడేసి ఉంటే సరిపోయేది. నేను అలా చెయ్యలేదు. క్లారిఫికేషన్ అడిగాను.

నా పేరు వరహాలు. అత్యవసర ఔషధ చేరవేత సంస్థ ప్రాంతీయ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. సంస్థ పేరు పొడుగే కానీ పని పొట్టిది. కొండ మీద ఆసుపత్రుల్లో పాముకాటు మందో కుక్కకాటు మందో అయిపోతే వాళ్లు ఫోన్ చేస్తారు, మేం కారులో పంపిస్తాం. అంతే. ఆ 'అంతే' చేసేది మాత్రం డ్రైవరు పెద్దింట్లు ఒక్కడే. మిగతా తొమ్మండుగురం అతను వెళ్లినట్టూ వచ్చినట్టూ రాసుకుంటాం.

పెద్దింట్లు పంతొమ్మిదేళ్లుగా ఈ పని చేస్తున్నాడు. మందు ఆలస్యమైందన్న మాట ఒక్కనాడు పడలేదు. ప్రతి శనివారం బండి ముందు నిమ్మకాయ, ఏడు మిరపకాయలు కొత్తవి కట్టి, పాతవి కాలవలో పడేస్తాడు. రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది.

మా డిప్యూటీ డైరెక్టరు చక్రపాణి గారు మంచివారు. ఎవరికీ కాదని చెప్పరు, అవునని సంతకం పెట్టరు. అవునని రాయలేని, కాదని అనలేని విషయం వస్తే కుర్చీ గోడ వైపు తిప్పుకుని క్యాలెండరు చూస్తారు. ఆయన క్యాలెండరు చూస్తున్నంతసేపట్లో మనం ఏం చేసినా ఆయనకు తెలియదు. మా ఆఫీసులో సగం పనులు అలాగే జరుగుతాయి. రాహుకాలం, వర్జ్యం ఆయనకి తెలిసినంతగా పురోహితులకి కూడా తెలియవు.

రెండేళ్ల కిందట మాకు పాత జీపు పోయి కొత్త కారు వచ్చింది. దానికి మూడు సామాన్లు అదనంగా పెట్టించాలి. మందులకి చల్లపెట్టె, బండి ఎక్కడుందో చూపించే ట్రాకరు, వెనక్కి చూసే కెమెరా. ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో ఆటో ఎలక్ట్రీషియన్ మీరా సాహెబు గారున్నారు. పని ఆయనకిచ్చాం. ఒక పూటలో అయిపోతుందనుకున్నది మూడు రోజులు చేశారు. నాకు ఒళ్లు మండి షెడ్డుకే వెళ్లి అడిగాను.

"మేడంగారూ, పాత జీపు అయితే ఏ వైరు గీకి ఏ వైరుకి చుట్టినా లైటు వెలిగిపోయేదండి. ఇది అలాక్కాదు" అన్నారాయన, బ్యాటరీ మైనసు తీగ ఊడదీసి పక్కన పెట్టి. "దీని లోపల చిన్న చిన్న కంప్యూటర్లు ఒకదాంతో ఒకటి మాట్లాడుకుంటా ఉంటాయి. మజ్జలో మనం వైరు కోసి దూరామనుకోండి, పెద్దోళ్లు మాట్లాడుకుంటుంటే నోరెట్టినట్టే. బండి అలుగుద్ది. అదిగో, ఆ పసుప్పచ్చ గొట్టంలో పోయేవి గాలిసంచుల వైర్లు. వాటి జోలికెళ్తే మొహమ్మీదే పేల్తాయి."

"మరెలా పెడుతున్నారు?"

"బండి వైరు ఒక్కటీ కొయ్యట్లేదండి. బ్యాటరీ కాణ్ణించి వేరే వైరు లాగాను. బ్యాటరీ పక్కనే దానికో ఫ్యూజు. రేకులోంచి లోపలికి దూరేకాడ రబ్బరు బుష్షు, లేపోతే రేకు రాసుకుని రాసుకుని వైరు తొక్క లేచిపోద్ది, నిప్పే. సీటు కింద చిన్న డబ్బా పెట్టి మూడింటికీ మూడు ఫ్యూజులు. అన్నీ కలిపి ఈ ఒక్క కప్లరు." తెల్లటి ప్లాస్టిక్కు జోడు ఒకటి చూపించారు, బొటనవేలంత ఉంది. "ఏది పెట్టినా పీకేసేలా పెట్టాలండి. ఇది ఊడదీశారంటే బండి కంపెనీలోంచి ఎలా వచ్చిందో అలా అయిపోద్ది."

నేను తలూపాను. అర్థమై కాదు, మళ్లీ చెబుతారేమోనని.

ఏడాది పాటు ఏ గొడవా లేదు. తర్వాత ఎక్కడో వేరే జిల్లాలో మా సంస్థ అధికారి ఒకాయన, తన బండికి ఎడ్లబండి చక్రాలంత హారన్లు రెండు పెట్టించుకున్నాడు. పెట్టినవాడు ఫ్యూజూ లేకుండా, బుష్షూ లేకుండా తీగ నేరుగా బ్యాటరీకి బిగించాడు. ఒకరోజు హారన్ కొడితే పొగ వచ్చింది. అధికారికి ఏమీ కాలేదు, అప్పడాలు వేయించినట్టు డ్యాష్‌బోర్డు మాత్రం ఉబ్బిపోయింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు సర్క్యులరు వచ్చి మా మీద పడింది.

"సంస్థ వాహనములలో అదనముగా అమర్చబడిన ప్రతి విద్యుత్ పరికరమునకు ఒక భద్రతా పరికరము అమర్చవలెను. ఇది తు.చ. తప్పక పాటించవలెను."

చూడటానికి బాగానే ఉంది. మూడు సామాన్లకి మూడు భద్రతా పరికరాలు. హెడ్డాఫీసు వాహన భద్రతా విభాగం అట్టపెట్టెలో పంపింది కూడా. అగ్గిపెట్టెలంత ఉన్నాయి, ఎర్రలైటు, పచ్చలైటు. సాహెబు గారు డబ్బాలో మరో మూడు ఫ్యూజులు పెట్టి బిగించారు.

కానీ నాకు నిద్ర పట్టలేదు. ఇరవై ఆరేళ్లుగా నేను రాసిన లెటర్లో కామా తీసినవాడు లేడు. ఆ సర్క్యులరులో నాకొక సందు కనిపించింది. సందు కనిపిస్తే వేలు పెట్టకుండా ఉండలేను, అది నా జబ్బు. రాశాను: "పై సూచికలో పేర్కొన్న భద్రతా పరికరము కూడా వాహనములో అదనముగా అమర్చబడిన విద్యుత్ పరికరమే అయినందున, దానికిని వేరొక భద్రతా పరికరము అమర్చవలెనా అను విషయమై సంశయ నివృత్తి చేయగోరుచున్నాము."

పదకొండు రోజులకి జవాబు వచ్చింది. ఒకటే మాట. "నిస్సందేహముగా."

దాంతోపాటు ఇంకో అట్టపెట్టె వచ్చింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు. ఇప్పుడు చల్లపెట్టెని చూసే పరికరం, ఆ పరికరాన్ని చూసే పరికరం తయారయ్యాయి. ఈ రెండోదానికి గొంతు కూడా ఉంది. బండి స్టార్టు చెయ్యగానే ఎవరో పద్యం చదివినట్టు, "ప్రథమ పరికరము సురక్షితముగా నున్నది" అంటుంది. మూడు సామాన్లు కాబట్టి మూడుసార్లు అంటుంది.

అక్కడైనా నేను ఊరుకోవాలి. కొరివితో తల గోక్కోవడం అలవాటైనవాళ్లు ఊరుకోరు. మళ్లీ రాశాను, ఇది ఎక్కడ ఆగుతుందో తెలియజేయమని. జవాబు: "భద్రతకు అంతు లేదు."

ఆ తర్వాత ప్రతి నెలా ఒకటో తారీఖున జీతం వచ్చినా రాకపోయినా అట్టపెట్టె మాత్రం వచ్చేది. ఆరు నెలలు తిరిగేసరికి బండిలో మూడు సామాన్లు, వాటి మీద పద్ధెనిమిది పరికరాలు ఉన్నాయి. వెనక సీటు తీసేశాం. సీటు కింది డబ్బా పోయి ట్రంకు పెట్టె వచ్చింది. సాహెబు గారు ప్రతిసారీ ఏదీ ముట్టుకోనన్నట్టు చేతులు కట్టుకుని నిలబడేవారు. తర్వాత నిట్టూర్చి వైరు ఒక సైజు లావుది వేసి, ఫ్యూజులు లెక్కపెట్టి, మళ్లీ అన్నిటినీ తెచ్చి ఆ ఒక్క కప్లరుకే కలిపేవారు. బొటనవేలంత ఉన్న కప్లరు పిడికిలంత అయింది.

"లోపల కూచుంటే సంతలో కూచున్నట్టుందండి" అన్నాడు పెద్దింట్లు. "చతుర్థ పరికరం బాగుందంట, పంచమ పరికరం బాగుందంట. ఏవండీ, నన్ను బాగున్నావా అని అడిగే పరికరం ఏవైనా వస్తదాండి?"

అలాంటిది జాబితాలో లేదని చెప్పాను.

బండి స్టార్టు కాకపోవడం అప్పుడే మొదలైంది. రాత్రంతా ఇరవై ఒక్క పరికరాలు తలా గుక్కెడు బ్యాటరీ తాగేవి. పొద్దున్నకి అది కొబ్బరిబోండం తాగేసిన డొప్పలా ఉండేది. సాహెబు గారు మీటరు పెట్టి చూపించారు. బండి ఆగితే ఇవీ ఆగేలా తాళంచెవి మీద కలుపుతానన్నారు. అందుకు అనుమతి కోరుతూ నేనే రాశాను. జవాబుగా కాగితం రాలేదు, మనిషే వచ్చాడు.

ఆయన పేరు త్రయంబకరావు గారు. వాహన భద్రతా విభాగం అదనపు సంచాలకులు. పరికరాలన్నీ ఆయన మెదడులోంచి పుట్టినవే. బండి చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేశారు. నాలుగోది మొదలెడుతూ ఆగి, సాహెబు గారి వైపు చూశారు.

"తాళం తీస్తే పరికరాలు ఆగిపోవాలంటావా? నీ ఉద్దేశంలో భద్రత నిద్రపోవచ్చునా?"

"బ్యాటరీ పడిపోతందండి. పొద్దున్నే బండి కదలట్లేదు."

"కదలడం వేరు, భద్రత వేరు. చూడవయ్యా, భద్రత ఒక ప్రయాణం కాదు. ఒక స్థితి. ఆ మాటకొస్తే వాహనం ఆగి ఉన్నప్పుడే ఎక్కువ భద్రంగా ఉంటుంది."

"మరి మందు ఎలా వెళ్తదండి?" అన్నాడు పెద్దింట్లు.

త్రయంబకరావు గారు ఆ ప్రశ్న తన విభాగానిది కాదన్నట్టు చూసి, బండి ముందుకి నడిచారు. అక్కడ నిమ్మకాయ కనిపించింది.

"ఇదేమిటి?"

"దిష్టికండి. యాక్సిడెంట్లు అవ్వకుండా."

"అంటే ప్రమాద నివారణ సాధనం." ఆయన ముఖం వెలిగిపోయింది. "దీన్ని పర్యవేక్షించేది ఏది? దీని స్థితి ఎవరు చూస్తున్నారు?"

"నేనేనండి. ఎండిపోతే మారుస్తాను."

"మానవ పర్యవేక్షణ!" అన్నారు, పాత చెప్పులు చూసినట్టు. వెనకే నిలబడ్డ చక్రపాణి గారు నా వైపు చూశారు. నేను రాసుకున్నాను. వారం తిరక్కుండా నిమ్మకాయను రాత్రింబవళ్లు చూడటానికి ఒక కెమెరా వచ్చింది. ఇరవై రెండు.

ఇంకో ఆదేశం కూడా వచ్చింది. వాహనంలో అత్యధికంగా విద్యుత్తు వాడుతున్నది చల్లపెట్టె కనుక, అత్యధిక ప్రమాదకారి అదే కనుక, దాన్ని ఆపివేయాలి. చల్లపెట్టె ఆపేశాం. దానికి కాపలా ఉన్న ఆరు పరికరాలు మాత్రం పని చేస్తూనే ఉన్నాయి. మందు పెట్టెలో ఐసు ముక్కలు వేసి పెద్దింట్లు చేత్తో పట్టుకెళ్లేవాడు. బండి ఎలాగూ కదలదు కనుక ఆర్టీసీ బస్సులో వెళ్లేవాడు. రెండో బ్యాటరీ పెట్టుకోవచ్చా అని అడిగితే సంతోషంగా ఒప్పుకున్నారు. బ్యాటరీతోపాటు దాని భద్రతకి మూడు పరికరాలు పంపారు. ఆ మూడూ అది ఇచ్చేదానికంటే ఎక్కువ తాగాయి. ఇరవై అయిదు.

బండి ఆఫీసు షెడ్డులో కదలకుండా నలభై రోజులైంది. ఒక్క ప్రమాదం లేదు, ఒక్క గీత లేదు. రాష్ట్రంలోనే అత్యంత సురక్షిత వాహనంగా మా కారు ఎంపికైనట్టు ఉత్తర్వు వచ్చింది. చక్రపాణి గారు షీల్డు తీసుకోవడం ఎలాగో రిహార్సలు చేయిస్తారని హెడ్డాఫీసుకి వెళ్లారు. పోయేముందు మా అందరికీ స్వీటు పంచారు. నేను కూడా తిన్నాను. అబద్ధమెందుకు, గర్వపడ్డాను కూడా.

మర్నాడు తొమ్మిదీ నలభైకి ఫోన్ మోగింది. కొండ మీద వెలగలమెట్ట ఆసుపత్రి డాక్టరమ్మ. జీడితోటలో గింజలు ఏరుతుంటే పల్లాల బుల్లెమ్మ అనే ఆవిడని రక్తపింజరి కరిచిందట. ఉన్న సీసాలన్నీ ఎక్కించేశారట. ఇంకో పది కావాలి. "పన్నెండులోపు రావాలండీ. చిగుళ్లలోంచి రక్తం ఆగట్లేదు. కిందికి దింపితే దారిలోనే పోతుంది" అంది.

ఎనిమిది గంటల బస్సు వెళ్లిపోయింది. తర్వాతిది ఒంటిగంటకి. ఊళ్లో ప్రైవేటు కారు పిలుద్దామంటే, మా మందు అద్దెకారులో వెళ్లకూడదని నిబంధన. అది కూడా ఒకప్పుడు నేను అడిగిన క్లారిఫికేషనే.

పెద్దింట్లు షెడ్డులోకి పరిగెత్తి తాళం తిప్పాడు. టిక్కుమంది, అంతే. సాహెబు గారు రోడ్డు దాటి వచ్చేశారు, చేతిలో స్పానరుతో సహా.

"కప్లరు పీకేసి, నా షాపులో బ్యాటరీ తెచ్చి కేబుళ్లు తగిలిస్తే రెండు నిమిషాల్లో స్టార్టవుద్దండి. కప్లరు పీకకుండా లాభం లేదు, ఎంత పోసినా ఈ పిల్లిపిల్లలన్నీ తాగేస్తాయి. పీకమంటారా?"

నేను చక్రపాణి గారికి ఫోన్ చేశాను. వెనకాల మైకులో ఎవరో 'నవ్వండి, నవ్వుతూ అందుకోండి' అంటున్నారు.

"అయ్యో పాపం! కానీ వరహాలూ, భద్రతా పరికరాల సంధానం తొలగించాలంటే ముందస్తు అనుమతి ఉండాలి కదా. నువ్వొక మెయిల్ పెట్టు. నేనిక్కడే ఉన్నాను, ఫైలు నేనే ముందుకి తోయిస్తాను. సాయంత్రానికల్లా వచ్చేస్తుంది."

నేను కూర్చుని టైపు చెయ్యడం మొదలుపెట్టాను. విషయం: వాహనము – భద్రతా పరికరములు – తాత్కాలిక తొలగింపు – అనుమతి కోరుట – గురించి. సూచిక ఒకటి. సూచిక రెండు. సూచిక మూడు దగ్గర తలెత్తి చూస్తే, మందు పెట్టె రెండు చేతులా గుండెకి ఆనించుకుని పెద్దింట్లు గుమ్మం దాటుతున్నాడు.

"ఎక్కడికి?"

"నడిచి వెళ్తానండి. మీరు రాసుకోండమ్మగారూ, పర్లేదు. దారిలో ఏదో లారీ దొరక్కపోద్దా." కోపంగా అనలేదు. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి ఆలస్యం అయ్యేలా ఉందన్న బెంగ ఒక్కటే ఆ గొంతులో ఉంది.

నాకు సిగ్గేసింది. ఎన్ని కామాలు పెట్టాను, ఎన్ని సూచికలు రాశాను, నా తెలివితేటలన్నీ కలిసి ఒక మనిషిని అరవై కిలోమీటర్లు నడిపించబోతున్నాయి. తీసెయ్యమని నోటితో చెప్పే అధికారం నాకు లేదు. రాసిచ్చే అధికారం అంతకంటే లేదు. నాకున్న అధికారం ఒక్కటే, అది చక్రపాణి గారిని చూసి నేర్చుకున్నది.

కుర్చీ గోడ వైపు తిప్పుకున్నాను.

"ఇవాళ వర్జ్యం ఎప్పుడో చూసుకుంటున్నాను సాహెబు గారూ. నాకు ఇప్పట్లో తెమలదు" అన్నాను.

వెనకాల చెప్పుల చప్పుడు పరిగెత్తింది. కప్లరు ఊడినప్పుడు వచ్చిన టప్పుమన్న శబ్దం విన్నాను. నెలల తరబడి షెడ్డులోంచి వస్తున్న కిచకిచలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఇంజను గొంతు సవరించుకుంది. ఒకసారి, రెండోసారి. మూడోసారికి అందుకుంది. గేటు దాటుతూ పెద్దింట్లు హారన్ కొట్టాడు. కంపెనీ హారనే, చిన్నది.

వర్జ్యం పన్నెండూ పదికి అని ఉంది. పదకొండూ యాభైకి డాక్టరమ్మ ఫోన్ చేసి మందు అందిందని చెప్పింది. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని, సగం రాసిన మెయిలు తుడిపేశాను.

సాయంత్రం బండి తిరిగొచ్చింది. సాహెబు గారు కప్లరు మళ్లీ కలిపారు. ఎవరికీ ఏమీ తెలియలేదు. హెడ్డాఫీసులో గోడంత తెర ఒకటుంది. బండ్లు ఆపదలో ఉంటే ఎర్రచుక్క, లేకపోతే పచ్చచుక్క. కప్లరుతోపాటు ట్రాకరూ ఆగిపోయింది కనుక, ఆపదలో ఉన్నానని ఏ పరికరమూ చెప్పలేదు కనుక ఆ రోజంతా మా చుక్క షెడ్డులోనే పచ్చగా వెలిగింది.

డాక్టరమ్మ మంచిది కాబట్టి చిక్కొచ్చి పడింది. మా సంస్థ వాహనం సకాలంలో రావడం వల్ల ఒక ప్రాణం నిలిచిందని పొగుడుతూ హెడ్డాఫీసుకి ఉత్తరం రాసింది. పది రోజులకి మెమో దిగింది.

"వాహనము షెడ్డు దాటలేదని పరికరములు ధ్రువీకరించుచున్నవి. వాహనము వెళ్లనిచో ఔషధము చేరదు. చేరని ఔషధముతో రోగి కోలుకొనుట రికార్డులతో సరిపోవుట లేదు. ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను. పరికరములు తొలగించినట్లు తేలిన యెడల డ్రైవరుపై సస్పెన్షను వేటు తప్పదు."

విచారణకి త్రయంబకరావు గారే వచ్చారు. చక్రపాణి గారు ఆయన పక్కన కూర్చున్నారు. క్యాలెండరు ఆయన వీపు వెనకుంది, పాపం, తిరిగే వీలు లేదు. పెద్దింట్లు గోడవార నిలబడ్డాడు. నాలుగు రోజులుగా అన్నం తినట్లేదని సాహెబు గారు చెప్పారు.

"కదిలిందా, లేదా?" అన్నారు త్రయంబకరావు గారు.

పెద్దింట్లు నోరు తెరవబోయాడు. అతను అబద్ధం చెప్పడు, నాకు తెలుసు. ఇంతలో గుమ్మంలో ఎవరో దగ్గారు.

నలభై ఏళ్లావిడ, ఎడమకాలు కట్టుతో, చేతికర్ర, చంకలో గుడ్డసంచి. "కారాయన ఈడేనా ఉంటాడండీ? నేను ఎలగలమెట్ట బుల్లెమ్మనండి. పాం కరిచినదాన్ని. పప్పు తెచ్చాను, మా తోటలో గింజల్ది, ఏయించి కొట్టాను."

త్రయంబకరావు గారు తన చేతిలో కాగితం చూశారు, ఆవిణ్ణి చూశారు, మళ్లీ కాగితమే నమ్మదగ్గదన్నట్టు దాన్నే చూశారు.

"నీకు మందు అందలేదు" అన్నారు.

"అందిందండి. ఈ చేతికే ఎక్కించారు."

"అందే అవకాశం లేదు. వాహనం బయల్దేరలేదు."

బుల్లెమ్మ తన చెయ్యి తిప్పి చూసుకుంది. "మరైతే నేను చచ్చిపోయానాండీ?"

"అది మేం తేల్చేది కాదు. మీ ఆసుపత్రి తేల్చాలి" అన్నారాయన మర్యాదగా.

అప్పుడు నేను లేచాను. ఇరవై ఆరేళ్ల అనుభవం ఏదో ఒకరోజు పనికి రావాలి కదా.

"సార్, చిన్న మనవి. బండి కదిలిందని రాస్తే, కదల్లేదని చెప్పిన ఇరవై అయిదు పరికరాలూ తప్పు చెప్పాయని రాయాలి. ఒకటి తప్పు చెప్తే దాని మీదిది చెప్పాలి, అదీ తప్పైతే దాని మీదిది. నిమ్మకాయ కెమెరా కూడా అందులోనే ఉంది. వచ్చే సోమవారం షీల్డు ఇస్తున్నారు. ఏం రాయమంటారు?"

త్రయంబకరావు గారి మొహంలో రంగులు మారాయి. పరికరాలన్నీ ఆయనవి. కలం మూత బిగించారు.

"వాహనం కదల్లేదు" అన్నారు చివరికి. "నిస్సందేహముగా. కదలని వాహనం విషయంలో డ్రైవరు తప్పేముంది?"

"మరి ఈవిడ సంగతి?" అన్నారు చక్రపాణి గారు.

"రోగి సహజ కారణముల వలన జీవించినది. అలా రాయండి."

రాశాను. నా చేత్తో, కామాలతో సహా. పెద్దింట్లు గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. బుల్లెమ్మ అతని పక్కన కూర్చుని సంచి ముడి విప్పింది. పప్పు ఇంకా వేయించిన వాసన వేస్తోంది. త్రయంబకరావు గారు కూడా రెండు పలుకులు తీసుకున్నారు.

సోమవారం షీల్డు వచ్చింది. మంగళవారం కొత్త సర్క్యులరు వచ్చింది. "భద్రతా పరికరములన్నియు ఎల్లవేళలా వాహనమునందు ఉండవలెను."

ఒకసారి చదివాను. రెండోసారి చదువుతుంటే కనిపించింది. ఉండవలెను అని ఉంది. కరెంటు ఇచ్చి ఉండవలెనని లేదు. చెయ్యి దురద పెట్టింది. కలం మూత దానంతటదే ఊడింది. 'పై సూచికలో పేర్కొన్న' అని నోటి చివర ఆడింది కూడా. నేను లేచి, సర్క్యులరుని ఫైల్లో పెట్టి, తాడు మూడు ముళ్లు వేసి, బీరువాలో అడుగున పడేశాను. తర్వాత రోడ్డు దాటి సాహెబు గారి షెడ్డుకి వెళ్లి, కప్లరు సంగతి ఇక మీ ఇష్టమని చెప్పి వచ్చాను. ఆయన నవ్వి స్పానరు జేబులో పెట్టుకున్నారు.

ఇప్పుడు బండి తిరుగుతోంది. పరికరాలన్నీ వాహనమునందే ఉన్నాయి, ట్రంకు పెట్టెలో, మూటగట్టి. చల్లపెట్టెని మాత్రం సాహెబు గారు మళ్లీ బతికించారు.

మొన్న చక్రపాణి గారు ఆ సర్క్యులరు ఎక్కడో మళ్లీ చదివినట్టున్నారు. నన్ను పిలిచి, గొంతు తగ్గించి అడిగారు. "వరహాలూ, పరికరాలు ఉండాలన్నారు సరే, పని చెయ్యాలో అక్కర్లేదో స్పష్టంగా లేదు. ఒక లెటరు పెట్టి కనుక్కుందామా?"

బయట పెద్దింట్లు కొత్త నిమ్మకాయ కడుతున్నాడు. ఇంకో అరగంటలో కుక్కకాటు మందు కొండెక్కాలి.

"పెట్టానండీ" అన్నాను. "జవాబు రావాలి."